బడి చొక్కాలు: అరవై ఒకేసారి కుట్టాలా, ఒక్కొక్కటిగానా?

కొర్లగుంట కుట్టుపని:
తిరుపతిలో మాది ఆరు మిషన్ల చిన్న యూనిట్. బడి చొక్కాలు కుడతాం. అరవై చొక్కాల గుడ్డ ఒకేసారి కత్తిరించి, ముందు అరవై కాలర్లు, తర్వాత అరవై జేబులు, ఆ తర్వాత భుజాలు, చేతులు. ప్రతి మిషను పక్కనా ఒక గుట్ట. మా అత్తగారు ఆ గుట్టలు చూసి పని జోరుగా ఉందని మురిసిపోతారు. నాకైతే దడ పుడుతుంది.

మే నెలలో జేబు గుర్తు పెట్టే అట్టను ఎవరో తిరగేసి పెట్టారు. ఎడమవైపు ఉండాల్సిన జేబులు కుడివైపు పడ్డాయి. కాజాల దగ్గరికి వచ్చేదాకా ఎవరికీ కనబడలేదు. అప్పటికి అరవైకి అరవై అయిపోయాయి. రెండు రాత్రులు బ్లేడుతో కుట్లు విప్పాం. విప్పిన చోట తెల్లగుడ్డ మీద సూది రంధ్రాలు, చీమల బారులా.

ఒక చొక్కా చేయి మారుతూ పూర్తయ్యే పద్ధతికి మారితే మేలా? తెల్లదారం, నీలందారం మార్చుకోవడంతోనే పొద్దు గడిచిపోతుందని భయం.

రేణిగుంట పాత సూపర్‌వైజర్:
అమ్మా, నలుగురు మనుషులు, నాలుగు పనులు, పనికి నిమిషం అనుకోండి. పదేసి కట్టగా పంపితే మొదటి చొక్కా 31వ నిమిషానికి చేతికొస్తుంది, పదోది 40వ నిమిషానికి. ఒక్కొక్కటిగా పంపితే మొదటిది 4వ నిమిషానికే, పదోది 13వ నిమిషానికి. తప్పు కూడా అంత త్వరగానే దొరుకుతుంది. మీ జేబు సంగతి నాలుగైదు చొక్కాలతో పోయేది.

దారం భయం నిజమే, కానీ దానికీ మందుంది. 1969లో టయోటా కార్ల కంపెనీలో, రేకును నొక్కి ఆకారం తెచ్చే వెయ్యి టన్నుల ప్రెస్సుకు అచ్చు మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. షిగియో షింగో అనే జపాన్ ఇంజనీరు దాన్ని ముందు తొంభై నిమిషాలకు, తర్వాత మూడు నిమిషాలకు దించారు. మిషను ఆపకుండా చేయగల పనులన్నీ ముందే చేసి పెట్టుకోవడం అందులో కిటుకు. మీరు నీలం బాబిన్లు ముందే చుట్టి పెట్టుకోండి.

శ్రీకాళహస్తి అద్దకం:
అన్నగారి లెక్క అన్ని పనులకూ కుదరదండీ. కలంకారీలో మేము గీసేది ఒక్కొక్క గుడ్డే. కానీ ఉడకబెట్టే కాగు కింద కట్టెలు ఒక గుడ్డకైనా పది గుడ్డలకైనా ఇంచుమించు అంతే కాలుతాయి. నల్లరంగుకు బెల్లం, ఇనుప ముక్కలు రోజుల తరబడి ఊరాలి. ఒక్క గుడ్డ కోసం ఎవరు కుండ పెడతారు? మీ కత్తిరింపు బల్ల మా కాగులాంటిదే. పొరలు పరిచి ఒకేసారి కోసుకోండి. విడదీయాల్సింది ఆ తర్వాతి పనులను.

పుత్తూరు నుంచి ఒక టైలరు:
కూలి ముక్కకు ఇంత అని ఇస్తున్నారా? అయితే ముందు అది తేల్చుకోండి. చేయి వేగంగా ఆడేవారు నెమ్మదైనవారి కోసం ఎందుకు ఆగుతారు?

కొర్లగుంట కుట్టుపని:
పుత్తూరు వారు సరిగ్గా నొప్పి ఉన్నచోటే పట్టుకున్నారు. మాది ముక్క కూలే. కత్తిరింపు పాత పద్ధతిలోనే ఉంచి, నిన్న ఐదేసి కట్టలతో పంపి చూశాం. తర్వాతి వారి బుట్టలో ఐదు నిండితే ఆగాలన్నాను. మధ్యాహ్నానికే కఫ్ పొడవులో తేడా దొరికింది, రెండో కట్టలోనే. అంతవరకు సంతోషం.

కానీ కాజా మిషను ఒక్కటే. అక్కడ బుట్ట నిండేసరికి వెనకవాళ్లంతా చేతులు ముడుచుకు కూర్చున్నారు. అందరికంటే ఎక్కువ సంపాదించే కాలరు ఆవిడ సాయంత్రం లెక్క చూసుకుని మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఈ వారం వరకు ఆవిడకు రోజు కూలి ఇస్తానని ఉదయం ఫోను చేసి చెప్పాను. కాజాలు, గుండీలు రెండూ ఒక్కరే చేస్తున్నారు. రేపటి నుంచి గుండీలు కాలరు ఆవిడకు అప్పగించి చూస్తాను, ఒప్పుకుంటే.