స్పంజికలు అరుదా, వాటి శిలాజాలు అరుదా?

గుంటూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. స్పంజికలంటే నీళ్ల అడుగున అతుక్కుని బతికే స్పాంజి జీవులు; ప్రీకేంబ్రియన్ అంటే సుమారు 54 కోట్ల ఏళ్లకు ముందటి కాలం. "ప్రీకేంబ్రియన్‌లో స్పంజిక శిలాజాలు అరుదు" అని నోట్సులో రాయిస్తే, పరీక్షలో చాలామంది "ఆ కాలంలో స్పంజికలు అరుదు" అని రాస్తున్నారు. శిలాజం అన్న మాట జారిపోయి అర్థమే తిరగబడుతోంది.

జన్యువుల్లో తేడాలను బట్టి వేసిన లెక్కల ప్రకారం స్పంజికలు సుమారు 70 కోట్ల ఏళ్ల కిందటే పుట్టి ఉండాలి. అందరూ ఒప్పుకునే అతి పాత శిలాజాలేమో సుమారు 54 కోట్ల ఏళ్ల నాటివి. నడుమ అంత ఖాళీ ఎందుకంటే, రాతిలో నిలిచేవి ముఖ్యంగా సిలికా, సున్నపు కంటకాలు, అంటే ఒంటికి ఆసరాగా ఉండే సన్నటి ముళ్లు. అవి లేని మెత్తటి ఒళ్లు కుళ్లిపోతుంది. 2024లో ప్రకటించిన చైనా శిలాజం హెలికోలోసెల్లస్ సుమారు 55 కోట్ల ఏళ్లది. దానికి ఖనిజ కంటకాలే లేవు, ఒంటిమీది గళ్ల అచ్చు మాత్రం మిగిలింది. తొలి స్పంజికలు చాలావరకు ఇలాంటివే అయితే ఖాళీకి కారణం దొరికినట్టే.

ఈ తేడా తెలుగు వాక్యంలోనే తెలిసేలా ఎలా రాయాలి?

— మాస్టారూ, శిలాజం అంటే శిలలో పుట్టింది అనే కదా, పంకజంలాగా? జీవి పుట్టింది సముద్రంలో కదండీ. చిక్కు ఆ మాటలోనే ఉందేమో.

— లేదమ్మా, మాట సరైనదే. శిలలో పుట్టింది జీవి కాదు, దాని ఆనవాలు. నాకు "అరుదు" దగ్గరే ఇబ్బంది. అరుదు అనగానే ఉనికే తక్కువ అనిపిస్తుంది.

— విజయవాడ నుంచి రాస్తున్నానండీ. "అరుదుగా దొరుకుతాయి" అంటే సరిపోదూ? దొరకడం అన్నాక వెతికేవాడొకడు ఉంటాడు. దొరకలేదంటే లేదని కాదని చిన్నపిల్లలకైనా తెలుసు.

— బాగుందండీ! "స్పంజికల ఆనవాళ్లు ఆనాటి రాళ్లలో అరుదుగా దొరుకుతాయి." రేపటి నుంచి ఇదే రాయిస్తాను.

— మాస్టారూ, మాది పిడుగురాళ్ల. మా నాపరాళ్ల పొరల్లో నల్లటి కొమ్మల్లాంటి గీతలుంటాయి. అవీ ఆనవాళ్లేనా?

— పల్నాడు సున్నపురాయి కేంబ్రియన్‌కన్నా పాతదే నాయనా. అలాంటి గీతలు మామూలుగా పగుళ్లలోకి నీళ్లు దిగి పేర్చిన మాంగనీసు. జీవి ఏదీ లేదు గనక వాటిని శిలాజం అనం. ఫొటో ఒకటి పెట్టు, క్లాసులో చూపిస్తాను.