స్థానిక చరిత్ర మ్యూజియంలో ప్రసంగాలు, పాత ఫోటోల రోజు: ఏర్పాట్లు ఎలా ఉండాలి?

గది_తాళాలు (ప్రశ్న)

నమస్కారమండీ. మాది వాలంటీర్లతో నడిచే చిన్న స్థానిక చరిత్ర మ్యూజియం. అరవై కుర్చీలు పట్టే హాలు, ఒక ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు, ఒక చేతిమైకు, రెండు ఫ్లాట్‌బెడ్ స్కానర్లు ఉన్నాయి. నెలకో ప్రసంగం పెట్టాలనీ, ఏడాదికోసారి జనం ఇళ్ళలోని పాత ఫోటోలు, కాగితాలు, వస్తువులు తెచ్చి చూపించే రోజు ఒకటి జరపాలనీ కమిటీ నిర్ణయించింది.

తేల్చుకోవాల్సినవి ఇవి. ప్రసంగం ఎంతసేపు ఉండాలి, వెనక వరసకు కనబడాలన్నా వినబడాలన్నా ఏం చెయ్యాలి? ఫోటోల రోజుకి ఎంతమందిని పిలవచ్చు, స్కాన్ చేసిన బొమ్మ ఎవరిదో తరవాత తెలియకుండా పోకూడదంటే ఎలా? వస్తువులు తెచ్చినవాళ్ళు ‘దీని ఖరీదెంత’ అంటేనో, ‘ఇక్కడే ఉంచేసుకోండి’ అంటేనో ఏం చెప్పాలి? ఈ పనులు తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మూడోవరస

ప్రసంగం సంగతి నేను చెప్తాను. వక్తకు 40 నిమిషాలు, సభకు 25 నిమిషాలు. ఈ రెండో అంకె మీద రాజీ పడకండి. వక్త గంటా పావు మాట్లాడి ‘ఇంకో రెండు ప్రశ్నలకు టైముంది’ అంటే, ఆ భవనంలో పనిచేసిన మనిషో, ఆ వీధిలో పుట్టిన మనిషో నోరు విప్పకుండానే వెళ్ళిపోతారు. స్థానిక చరిత్రలో వక్తకు తెలియని సగం, ఎదురుగా కుర్చీల్లో కూర్చుని ఉంటుంది. అందుకే ప్రశ్నల సమయంలో ఒక వాలంటీరు రిజిస్టరు పట్టుకుని కూర్చోవాలి: ఎవరు చెప్పారు, ఏ స్లైడు గురించి, ఏమన్నారు, మళ్ళీ కలవడానికి ఒప్పుకున్నారా. స్లైడ్లకు మూలన అంకెలు వేయించండి. లేకపోతే ‘ఆ రెండో ఫోటోలో ఎడమవైపున్నాయన మా తాత’ అన్న మాట దేని గురించో నెల తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు.

విషయం ఎంత చిన్నదైతే సభ అంత బాగా పలుకుతుంది. ‘మన ఊరి చరిత్ర’ అంటే వచ్చి విని వెళ్తారు. ‘పాత వంతెన కట్టిన నాలుగేళ్ళు’ అంటే కాగితాలు పట్టుకుని వస్తారు.

స్లైడు వెనక్కి కనబడుతుందా అన్నది లెక్కతో తేలుతుంది. తెర వెడల్పు 2 మీటర్లు, ఆఖరి వరస 12 మీటర్ల దూరంలో ఉందనుకోండి, అంటే ఆరింతలు. ల్యాప్‌టాప్ తెర వెడల్పు దాదాపు 30 సెం.మీ. దానికి ఆరింతలంటే 1.8 మీటర్లు. వక్తను ల్యాప్‌టాప్‌కి అంత దూరంలో నిలబెట్టి తన స్లైడ్లు తననే చదవమనండి. చదవలేకపోతే ఆఖరి వరస కూడా చదవలేదు. ఎక్కువగా దెబ్బతినేవి పాత పటాలు. మొత్తం పటం ఒకసారి చూపించి, ఆ తరవాత కావలసిన ముక్కలు మూడో నాలుగో విడిగా కత్తిరించి పెద్దవి చేసి చూపించాలి.

స్లైడ్లు పీడీఎఫ్‌గా తెప్పించుకోండి, రెండు రోజుల ముందే. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంటుతో చేసిన ఫైలు మీ కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్ అయినా ఫాంటు మారితే వరసల మధ్య చోటు చాలక ఒత్తులు తెగిపోతాయి. పీడీఎఫ్‌లో ఫాంటు సాధారణంగా లోపలే ఉంటుంది కాబట్టి ఆ బాధ ఉండదు.

ప్రసంగం రోజున అసలు వస్తువునో పత్రాన్నో బయట పెట్టాలనిపిస్తుంది, పెట్టండి. కానీ చేతులు మార్చొద్దు. కాగితం, బట్ట, ఫోటో అయితే గాజు పెట్టెలో, 50 లక్స్ వెలుతురు మించకుండా, ఆ పూట వరకే. ప్రొజెక్టరు వెలుగు నేరుగా పడే చోట అసలు వద్దు.

తీగలూ_మైకులూ

మైకు గురించి. చేతిమైకు నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి, గడ్డానికి కాస్త దిగువగా. కొత్త వక్తలు దాన్ని పొట్ట దగ్గర పట్టుకుంటారు. అప్పుడు మీరు శబ్దం పెంచుతారు, పెంచగానే స్పీకరు మాట మళ్ళీ మైకులోకి దూరి కీచుమంటుంది. విరుగుడు రెండే: స్పీకర్లు వక్త కన్నా ముందు, సభ వైపు తిరిగి ఉండాలి, మైకు నోటికి దగ్గరగా ఉండాలి. కొనగలిగితే వక్తకు తలకు తగిలించే మైకు ఇచ్చి, చేతిమైకును సభకు వదిలెయ్యండి.

ఆ చేతిమైకును వాలంటీరే పట్టుకోవాలి, ప్రశ్న అడిగేవాళ్ళకు ఇవ్వొద్దు. ఇస్తే ప్రశ్న ఉపన్యాసమై కూర్చుంటుంది, తిరిగి తీసుకోవడం మొహమాటం. ‘నా గొంతు పెద్దదే, మైకు అక్కర్లేదు’ అనేవాళ్ళనూ ఒప్పుకోకండి. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్ళ కోసం ఇండక్షన్ లూప్ (మైకు శబ్దాన్ని నేరుగా ఆ యంత్రానికి అందించే తీగ చుట్ట) ఉన్న హాళ్ళలో మైకులో పలికిన మాటే ఆ యంత్రానికి చేరుతుంది. మైకు లేకుండా అడిగిన ప్రశ్న అందులో లేనట్టే. రికార్డింగులోనూ అంతే. ఎవరైనా మైకు లేకుండా అడిగేస్తే వక్త ఆ ప్రశ్నను మళ్ళీ పలకాలి. ఈ మాట వక్తకు ముందే చెప్పి ఉంచండి.

రికార్డింగుకు వెనక వరసలో ఫోను పెట్టడం దండగ. దూరం రెట్టింపైన కొద్దీ వక్త నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది, గది ప్రతిధ్వని మాత్రం అంతగా తగ్గదు. ఫలితం, బావిలోంచి మాట్లాడినట్టుంటుంది. మిక్సరు (మైకుల శబ్దాన్ని కలిపి స్పీకర్లకు పంపే పెట్టె) నుంచి తీగతో రికార్డరుకు ఇవ్వండి. రికార్డరులో పెట్టుకోవాల్సినవి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు (శబ్దాన్ని కుదించకుండా దాచే రకం). రెండు ఛానెళ్ళయితే గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. ఎంపీ3 కాపీ వెబ్‌సైటు కోసం తరవాత చేసుకోవచ్చు, దాచుకునేది వేవ్ ఫైలునే. రికార్డు చేస్తున్నామని గుమ్మం దగ్గర బోర్డు పెట్టండి, మొదట్లో నోటితోనూ చెప్పండి.

అట్టపెట్టె

ఫోటోల రోజుకి ముందు లెక్క వేసుకోండి. మనిషికి 20 నిమిషాలు, 5 ఫోటోలు. రెండు స్కానర్లు, నాలుగు గంటలు అంటే 24 మంది, 120 ఫోటోలు. అంతే. ముందుగా పేర్లు తీసుకుని వేళ ఇవ్వండి. ‘ఎవరైనా ఎప్పుడైనా రండి’ అని ప్రకటిస్తే మొదటి గంటలోనే సంచులతో యాభై మంది వస్తారు. వరస పెరిగేకొద్దీ వాలంటీర్లు కంగారుపడి వివరాలు రాయడం మానేసి స్కానింగు మాత్రమే చేస్తారు. వివరాలు లేని స్కాను ఎందుకూ కొరగాదు, ఈ రోజు మొత్తంలో విలువైనది ఆ మాటలే. పేరు ఇచ్చి రానివాళ్ళు ఎలాగూ కొందరుంటారు, వాళ్ళ ఖాళీల్లో నేరుగా వచ్చినవాళ్ళను కూర్చోబెట్టండి.

స్కానరులో పెట్టుకోవాల్సినవి: 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), టిఫ్ (బొమ్మ నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు రకం), 24 బిట్ రంగు. నలుపు తెలుపు ఫోటోకైనా రంగులోనే తియ్యండి, మరకలూ సిరా రంగూ అందులోనే తెలుస్తాయి. నాలుగు బై ఆరు అంగుళాల ఫోటో 26 ఎంబీ దాకా అవుతుంది, 120 ఫోటోలకు మూడు జీబీ పైచిలుకు. వెనకవైపులూ కలిపితే రెట్టింపు వేసుకోండి. స్కానరులో ‘దుమ్ము తొలగించు’, ‘రంగు సరిచేయి’ వంటివన్నీ ఆపెయ్యండి. కాగితాలు లోపలికి లాక్కునే రకం స్కానరు ఫోటోలకు వాడనే వద్దు.

ఇక ఎవరిదో తెలియకుండా పోకుండా. రాగానే మనిషికి ఒక వరస అంకె. ఫైలు పేరు తేదీ, మనిషి అంకె, ఫోటో అంకె: 20260518_07_03 అంటే ఆ రోజు ఏడో మనిషి మూడో ఫోటో. అదే అంకె రాసిన చిన్న చీటీని స్కానరు గాజు మీద ఫోటో పక్కన పెట్టి, రెండూ కలిపి స్కాన్ చెయ్యండి. ఫైలు పేరు ఎవరైనా పొరపాటున మార్చినా అంకె బొమ్మలోనే ఉంటుంది. చీటీని ఫోటోకి అంటించొద్దు, వెనక పెన్నుతో రాయొద్దు. వెనక ముందే ఏదైనా రాసుంటే, స్టూడియో ముద్ర ఉంటే, ఆ వైపూ స్కాన్ చెయ్యాలి.

రాసుకునే మనిషి అడగాల్సింది: ఎవరెవరు (వెనక వరస, ఎడమ నుంచి కుడికి), ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు. ‘ఎప్పుడు’ దగ్గర ‘ఎలా తెలుసు?’ అని ఇంకో ప్రశ్న వెయ్యండి. ‘1965’ అని రాస్తే అది ఊహో నిజమో తెలియదు. ‘1965 ప్రాంతం, పెద్ద కొడుకు పుట్టకముందు అని తెచ్చినవారు చెప్పారు’ అని రాస్తే తరవాత పరిశోధించేవాళ్ళకు పట్టు దొరుకుతుంది.

అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను లాగొద్దు. అద్దంతోనే, రెండు పక్కల 45 డిగ్రీల్లో దీపాలు పెట్టి కెమెరాతో తియ్యండి. జిగురు పేజీల ఆల్బమైతే పేజీ మొత్తం స్కాన్ చెయ్యండి. నెగటివ్‌ల డబ్బా తెరవగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తే అది శిథిలమవుతున్న ఎసిటేట్ ఫిల్ము, మిగతావాటికి దూరంగా పెట్టండి. 1950ల తొలి ఏళ్ళదాకా తయారైన ఫిల్ముల్లో కొన్ని తేలిగ్గా మండే నైట్రేట్ రకానివి. అంటుకుంటే నీళ్ళతో ఆరవు. జిగటగా, గోధుమరంగుకు తిరిగిన పాత ఫిల్మును స్కానరు మీద పెట్టకుండా, వేడికి దూరంగా ఉంచి నిపుణుల సలహా తీసుకోండి.

సమ్మతి పత్రంలో ఒకే గడి పెట్టొద్దు. మ్యూజియంలో దాచుకోవడానికి, ప్రదర్శనలో పెట్టడానికి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి విడివిడిగా మూడు గళ్ళు ఉండాలి. ఫోటో చేతిలో ఉన్నంత మాత్రాన కాపీరైటు వాళ్ళదవదు, తీసినవాళ్ళదో స్టూడియోదో కావచ్చు. అందుకే ‘ఎవరు తీశారు’ అన్న ప్రశ్న. అసలు ఫోటోలు తిరిగిచ్చేటప్పుడు లెక్కపెట్టి, అదే పత్రం కింద సంతకం తీసుకోండి.

గది_తాళాలు

చాలా ఉపయోగంగా ఉందండీ, ముఖ్యంగా స్కానరు గాజు మీద చీటీ. వస్తువులు, ఖరీదు సంగతి ఎవరైనా చెప్తారా?

రసీదుపుస్తకం

ఖరీదు చెప్పకూడదు. అంతర్జాతీయ మ్యూజియం మండలి ఐకామ్ నియమావళి ప్రకారం, మ్యూజియం తన సేకరణల బీమా కోసం విలువ కట్టొచ్చు. బయటి వస్తువులకైతే ఇతర మ్యూజియంలు గానీ, అధికార సంస్థలు గానీ అధికారికంగా అడిగితేనే. అది ఏమిటి, దేనితో చేశారు, దేనికి వాడేవారు, ఏ కాలంది అన్నంతవరకే మాట్లాడండి. తవ్వకంలోదో గుడిదో అనిపించే వస్తువు వస్తే ఎక్కడ దొరికిందో అడిగి రాసుకోండి, మీ దేశపు పురావస్తు చట్టం చెప్పినట్టు నడుచుకోండి.

‘ఇక్కడే ఉంచేసుకోండి’ అన్నవాళ్ళకు ఆ రోజు ‘సరే’ అనొద్దు. బల్ల మీద వదిలేసిన పెట్టె ఏడాది తిరిగేసరికి యజమాని తెలియని వస్తువవుతుంది. దాన్ని ప్రదర్శించలేరు, తిరిగివ్వలేరు, పారెయ్యలేరు. పేరు, చిరునామా, వస్తువు వివరం, ఫోటో తీసుకుని ఇంటికి తీసుకెళ్ళమనండి, కమిటీ చూసి కబురు చేస్తుంది. తప్పనిసరై ఉంచుకోవాల్సి వస్తే రెండు ప్రతుల రసీదు రాయండి: ఇది తాత్కాలికంగా ఉంచుకున్నది, దానం కాదు, ఫలానా తేదీలోపు నిర్ణయం చెప్తాం అని.

చెక్క, బట్ట, తోలు వస్తువుల్ని స్టోరు గది వైపు రానివ్వొద్దు. బల్ల మీద తెల్లకాగితం పరవండి. వస్తువు ఎత్తాక కాగితం మీద సన్నటి పొట్టు రాలి ఉంటే లోపల పురుగు ఉందని అనుమానించాలి. ఆ వస్తువు వెంటనే పాలిథీన్ సంచిలోకి వెళ్ళాలి, కాగితం మడిచి బయట పారెయ్యాలి.

పాత తూటాలు, గుండ్లు, నాటు మందుగుండు ఎవరైనా తెస్తే తాకొద్దు, కదిపి చూడొద్దు. గది ఖాళీ చేయించి పోలీసులకు ఫోన్ చెయ్యండి. ఈ ఒక్క విషయం ప్రకటనలోనే రాయండి: ‘ఆయుధాలు, మందుగుండు తేవద్దు, ఫోటో తెస్తే చాలు.’

మూడోవరస

తేదీ ఇంకా ఖాయం కాకపోతే మే 18 చూడండి, 1977 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. ఆ రోజు వార్తల్లో చోటు దొరకడం తేలిక. ఎప్పుడూ వచ్చే ముప్పైమందే రాకూడదంటే ప్రసంగాల్లో కొన్ని మ్యూజియం బయట, గ్రంథాలయంలోనో బడిలోనో పెట్టండి.

అట్టపెట్టె

ఇంకొకటి. ఫోటోలు తెచ్చినవాళ్ళకు వాళ్ళ స్కాన్లు వారం లోపు పంపించండి, మీరు రాసుకున్న వివరాల కాగితంతో సహా. ‘తప్పులుంటే దిద్ది పంపండి’ అని ఒక వాక్యం చేర్చండి. పేర్ల తప్పులు దొరికేది అక్కడే, ఇంట్లో పెద్దవాళ్ళు ఆ కాగితం చూసినప్పుడు.