పేపర్లో మా అమ్మాయి ఉంది, దాని ఆట లేదు: ఏం చేయాలి?

నమస్కారమండీ. మేం న్యూజెర్సీలో ఉంటాం. పదకొండేళ్ల మా అమ్మాయి పిల్లల బేస్‌బాల్ లీగ్‌లో పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరే ప్లేయర్. జట్టులో ఆడపిల్ల తనొక్కతే, ఇండియన్ కూడా తనొక్కతే. పోయిన నెల ఇక్కడి చిన్న పేపర్ ఒకటి తన మీద వార్త వేసింది. జడ గురించి రాశారు, అమ్మ పెట్టే ఇడ్లీల గురించి రాశారు (నేను పెట్టేది పాలల్లో వేసుకునే సీరియల్!). ఆ రోజు ఎంతమందిని ఔట్ చేసిందో ఒక్క ముక్క లేదు. పిల్ల ముఖం చిన్నబోయింది.

ఇప్పుడు స్కూల్ ప్రాజెక్టుకి ఇదే విషయం తీసుకుంది. 2014లో ఫిలడెల్ఫియా జట్టుకి ఆడిన 13 ఏళ్ల మోనే డేవిస్, లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ సంస్థ) వరల్డ్ సిరీస్‌లో ఎదుటి జట్టుకి ఒక్క పరుగూ ఇవ్వకుండా గెలిపించింది. అక్కడ అలా చేసిన మొదటి అమ్మాయి తనే. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ముఖచిత్రమూ అయింది. అంతకుముందు 1972లో, మా రాష్ట్రంలోనే హోబోకెన్‌లో లిటిల్ లీగ్ ఆడుతున్న మరియా పెపేని, ఆడపిల్ల అని మూడు ఆటలకే పక్కన పెట్టేశారు. ఆ గొడవ కోర్టుకెక్కాక, 1974లో లిటిల్ లీగ్ అమ్మాయిలకు తలుపు తీసింది. ఈ ఇద్దరి గురించి అప్పటి పేపర్లు ఏం రాశాయో పోల్చాలని దాని ఆలోచన.

1972 నాటి పేపర్లు డబ్బు కట్టకుండా చదవడానికి లైబ్రరీ కార్డు సరిపోతుందా? వార్తలో ఆట గురించి ఎంత, వేషం గురించి ఎంత అని లెక్క తీయడానికి తేలికైన పద్ధతి ఏదైనా ఉందా? జర్నలిజం చదివినవాళ్లుంటే చెప్పండి. ఇంకొకటి, ఆ రిపోర్టర్‌కి నేను మెయిల్ పెట్టనా? మా ఆయన వద్దంటున్నారు, అమ్మాయేమో పెట్టమంటోంది.