పెద్ద సార్లు వస్తున్నారంటే మీ షాపుల్లో ఏం చేస్తారు?

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ వైపు ఒక సూపర్ మార్కెట్లో ఫ్లోర్ స్టాఫ్‌గా చేస్తున్నాను. శుక్రవారం హెడ్డాఫీసు నుంచి పెద్ద సార్లు విజిట్‌కి వస్తున్నారట. సోమవారం నుంచే టెన్షన్ మొదలైంది.

ఎక్స్‌పైరీ దగ్గరపడినవి ముందుకు సర్దడం, ఎమ్మార్పీకి, ర్యాక్ మీది రేటుకి తేడా లేకుండా చూడడం రోజూ చేసే పనే. కష్టమంతా తుప్పుతోనే. సముద్రపు గాలికి కింది అరల అంచులు ఎర్రగా పొడి రాలుతున్నాయి. నిన్న ఉప్పుకాగితంతో రుద్దితే పెయింటే ఊడొచ్చింది, ఇప్పుడు ఇంకా అసహ్యంగా ఉంది. పైన సబ్బు ప్యాకెట్లు అడ్డం పెట్టి దాచాం, అదీ సంగతి.

రెండు రోజులుగా రాత్రి 11 దాకా ఉంచేస్తున్నారు. గాజువాక నుంచి వచ్చేవాళ్లు బస్సు దొరక్క ఆటోకి సొంత డబ్బులు పెట్టుకుంటున్నారు. వారానికి 48 గంటలు దాటితే ఓటీకి రెట్టింపు ఇవ్వాలని విన్నాను. మేనేజర్ గారిని నొప్పించకుండా అది ఎలా అడగాలి?

ఇంకోటి, రెండు రోజుల్లో ఆరిపోయే, వాసన రాని తుప్పు పెయింట్ ఏదైనా ఉందా? పక్కనే బియ్యం, పప్పులు ఉన్నాయి మరి. ఇలాంటివి చూసినవాళ్లు కాస్త చెప్పండి.