మిర్రర్స్ ఎడ్జ్: పాత లాప్‌టాప్ మీద ఈ ఆట ఇప్పుడు కొనదగినదేనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. 2008లో వచ్చిన మిర్రర్స్ ఎడ్జ్ ఇప్పుడు చాలా తక్కువ ధరకు దొరుకుతోంది. ఫోనులో ఆగకుండా పరుగెత్తే ఆటలు తప్ప, మేడల మీద నుంచి మేడల మీదికి దూకే పార్కూర్ ఆట నేను ఇంతవరకు ఏదీ ఆడలేదు. మా అన్నయ్య వదిలి వెళ్లిన లాప్‌టాప్ పాతది, అందులో ఉన్నది ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు కాదు. ఆట ఆరేడు గంటల్లో అయిపోతుందనీ, పోలీసులతో కొట్లాట విసిగిస్తుందనీ కొందరు అంటున్నారు. అలాంటి ఆట మళ్లీ రాలేదని మరికొందరు అంటున్నారు. ఈ రెండు మాటల్లో దేన్ని నమ్మాలి? పైగా పాత్ర కళ్లతోనే చూస్తూ ఆడే ఆటల్లో నాకు పావుగంటకే తల తిరుగుతుంది. దీనికి బదులు ఇదే వరుసలో 2016లో వచ్చిన మిర్రర్స్ ఎడ్జ్ క్యాటలిస్ట్‌తో మొదలుపెట్టడం మంచిదేమో కూడా తెలుపగలరు.

సిల్కుసిటీ (బరంపురం):
రెండు మాటలూ నమ్మవచ్చు, మహేంద్రతనయ గారూ. ఈ ఆట బలమంతా పరుగులోనే ఉంది. మనం ఆడించే నాయిక ఫెయిత్ అడుగు వేయగానే వేగం అందుకోదు. కొంత దూరం తడబడకుండా పరుగెత్తితే క్రమంగా వేగం పెరుగుతుంది, ఒక్క గోడ తగిలితే అది పోతుంది. ఎత్తు నుంచి దూకినప్పుడు నేల తాకడానికి కొంచెం ముందు షిఫ్ట్ మీట నొక్కితే ఆమె పల్టీ కొట్టి అదే వేగంతో లేస్తుంది. నొక్కడం ఆలస్యమైతే కాళ్లు కూలబడి నిలిచిపోతుంది. ఎక్కడం, దూకడం, గోడ వెంట పరుగెత్తడం అన్నిటికీ స్పేస్ బార్ ఒక్కటే కనుక, వేళ్లు వెతుక్కునే పని ఉండదు. తెర మీద పటం గానీ ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత గానీ లేవు. చూసేందుకు మీ చేతులూ కాళ్లూ, వినేందుకు ఆయాసం, అంతే. తెల్లని నగరంలో ఎర్రగా మారే పైపు, పలక, తలుపు మీకు దారి చూపుతాయి.

మా నేతగాళ్ల వీధిలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండేవి. చిన్నప్పుడు తెగిన గాలిపటం కోసం డాబాల మీదుగా వీధి చివరిదాకా పోయిన వాణ్ణి కాబట్టి, నా మాటల్లో కొంత పక్షపాతం ఉండవచ్చు.

నాగావళిగట్టు (రాయగడ):
పరుగు విషయంలో సిల్కుసిటీ గారితో నాకు పేచీ లేదు, కానీ ఆ పరుగును ఆపేదీ ఈ ఆటే. మూసిన గదుల్లో, బయటపడే దారి ఎటుందో తెలియకముందే నలుగురు పోలీసులు తుపాకులతో చుట్టుముడతారు. ఎదుటివాడి ఆయుధం ఎర్రబడిన ఆ క్షణంలోనే లాక్కోవాలి, తప్పితే చావు, మళ్లీ లోడింగ్, మళ్లీ అదే గది. ఇరవైసార్లు ఇలా జరిగాక ఆటలో లీనమైన మనసు చెదిరిపోతుంది.

కథ కూడా పలుచన. మేయరు పదవికి పోటీ చేస్తున్న రాబర్ట్ పోప్ హత్యను ఫెయిత్ అక్కచెల్లెలు, పోలీసు ఉద్యోగిని అయిన కేట్ మీద మోపుతారు. మంచి ఎత్తుగడే. అయితే దానిని అధ్యాయాల మధ్య కార్టూన్ బొమ్మలతో చెప్పడం వల్ల, అప్పటిదాకా మన కళ్లతో చూసిన నగరం ఎక్కడో దూరంగా ఉండిపోయినట్లు అనిపిస్తుంది.

ఒక్క మినహాయింపు: రెండో అధ్యాయంలో వాననీటి భూగర్భ కాలువలు. అక్కడ పరుగు తక్కువే అయినా, ఆ మహాస్తంభాల మధ్య తల ఎత్తి దారి వెతుక్కోవడం నాకు మొత్తం ఆటలో అన్నిటికంటె నచ్చింది.

సిల్కుసిటీ:
కొట్లాట లోపమేనని ఒప్పుకుంటాను, కానీ దాని వెనుక ఆలోచన ఉంది. తుపాకీ చేతబట్టగానే ఫెయిత్ మందగిస్తుంది, అది బరువైనదైతే దూకడం, ఎక్కడం కూడా కుదరవు. ఎవరినీ కాల్చకుండా ఆట ముగించినవారికి ప్రత్యేక గుర్తింపు కూడా పెట్టారు.

నాగావళిగట్టు:
ఆలోచన మేడ మీద పనిచేస్తుంది, గదిలో పనిచేయదు. నా ఫిర్యాదు అదే.

జయపురం (కొరాపుట్ జిల్లా):
అడిగినవారి లాప్‌టాప్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ఆట తెరిచిన వెంటనే వీడియో సెట్టింగులలో ఫిజిక్స్‌ఎక్స్‌ను (పగిలే అద్దాల వంటివాటిని సహజంగా చూపే ఏర్పాటు) ఆపివేయండి. అది ఎన్‌విడియా కార్డుల కోసం ఉద్దేశించినది. మీలాంటి కంప్యూటరులో అది ఆన్‌లో ఉంటే, అద్దం పగిలిన ప్రతిసారీ ఆట నత్తనడక నడుస్తుంది. ఈ ఆటలో అద్దాలు చాలానే పగులుతాయి.

తల తిరగడానికి పూర్తి మందు లేదు. తెర నడుమ కనిపించే చిన్న చుక్కను అందుకోసమే పెట్టారు, చూపు దాని మీద నిలపండి. దీపం వెలిగించుకుని, కొంత దూరంగా కూర్చోండి. కరెంటు పోయినా బెంగపడనక్కరలేదు. చివరి చెక్‌పాయింట్ నుంచి మళ్లీ మొదలవుతుంది.

క్యాటలిస్ట్ మీ లాప్‌టాప్‌కు భారమే. దానికి డిస్కులో 25 జీబీ, కనీసం 6 జీబీ ర్యామ్ కావాలి. అందులో తుపాకీ పట్టే అవకాశమే తీసివేశారు, పరుగు ఆపకపోతే తూటాలు తగలకుండా కాచే ఏర్పాటు పెట్టారు. అంటే నాగావళిగట్టు గారి ఫిర్యాదుకు అది ఒక జవాబు. కానీ నగరమంతా తిరిగే ఆటగా మార్చడంతో ఒకే వీధి మీదుగా పదేపదే పోవలసి వస్తుంది. పాత ఆటలో మొదటి నుంచీ చేతిలో ఉన్న కొన్ని విద్యలను అక్కడ పాయింట్లతో సంపాదించుకోవాలి, ఇది నాకు అన్యాయంగా తోచింది. రెండు ఆటల ఆన్‌లైన్ సేవలూ 2023లో మూతపడ్డాయి కాబట్టి, ఇతరులతో పోటీ పడదామని మాత్రం దేన్నీ కొనవద్దు. పాతదానిలో టైమ్ ట్రయల్స్‌లో, అంటే గడియారంతో పోటీపడే పరుగుల్లో, మీ సమయాన్ని మీరే దాటుకోవచ్చు, ఆరేడు గంటల ఆట నా దగ్గర నెలల తరబడి మిగలడానికి కారణం అదే.

మహేంద్రతనయ:
కొన్నాను. ఫిజిక్స్‌ఎక్స్ ఆపాక అద్దాలు సాఫీగా పగులుతున్నాయి, తల అరగంట దాకా తిరగడం లేదు. పల్టీ పట్టుబడింది. అయితే శిక్షణ భాగంలో గోడ మీదికి నిలువుగా పరుగెత్తి, వెనక్కి తిరిగి దూకే చోట అరగంటగా పడిపోతున్నాను. రహస్యమేమిటి?

సిల్కుసిటీ:
రెండు మీటలూ కలిపి నొక్కుతున్నట్లున్నారు. గోడ ఎక్కుతుండగా ముందు తిరిగే మీట మాత్రమే నొక్కండి. ఫెయిత్ ముఖం పూర్తిగా వెనక్కి తిరిగి, ఎదుటి గట్టు మీకు కనిపించాకే స్పేస్ బార్ నొక్కండి.

మహేంద్రతనయ:
దాటాను, రెండో ప్రయత్నంలోనే.