నాన్నగారి ప్రెస్సులో మిగిలిన చెక్క అక్షరాలు: వీటితో ఏం చెయ్యొచ్చు?

గంటస్తంభం వీధి:
మాది విజయనగరం. నాన్నగారికి ట్రెడిల్ ప్రెస్సు, అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, పైడితల్లమ్మ పండగకి నాటకాల వాల్‌పోస్టర్లు అన్నీ వేసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక మూసేశారు, సీసం టైపంతా అప్పుడే తూకానికి పోయింది. మొన్న అటక దులుపుతుంటే గోనెసంచిలో చెక్క అక్షరాలు బయటపడ్డాయి, ఒక్కోటి అరచెయ్యంత. 'శ్రీ' చూస్తే కింది మూల అరిగిపోయింది, గీతల సందుల్లో ఎర్ర సిరా ఇంకా పట్టుకుని ఉంది, గోటితో గీరినా రాలేదు. పుప్పి పడుతుందని అమ్మ పొయ్యిలో పెట్టేస్తానంటోంది.

నేను డీటీపీ పని చేస్తాను. నెదర్లాండ్స్ పోస్టర్లు చూస్తూ చూస్తూ గ్రోనింగెన్‌లో ప్రెస్సు నడిపిన హెచ్.ఎన్. వెర్క్‌మన్ దగ్గర ఆగిపోయాను, ఆయనా ఇలాంటి చెక్క అక్షరాలతోనే బొమ్మలు అచ్చు వేశాడు. మా ఫ్రెండేమో డచ్ డిజైన్ అంటే విమ్ క్రౌవెల్, ముందు ఆయనలా గ్రిడ్ (పేజీని గళ్లుగా విడగొట్టి అమర్చే పద్ధతి) నేర్చుకో అంటున్నాడు. ట్రెడిల్ లేకుండా వీటితో ప్రింటు తియ్యొచ్చా? వొత్తులు సగం లేవు, ఏం చెయ్యాలి?

నాగావళి:
దయచేసి పొయ్యిలో పెట్టనివ్వకండి. వెర్క్‌మన్ కథ మీ ఇంటి కథే. పెద్ద ప్రెస్సు నడిపి, 1923లో వ్యాపారం దెబ్బతిని, ఒక గోదాం పైన చిన్న చోటుకి మారాడు. అక్కడ మిగిలిన సామాను పెట్టుకునే 'ద నెక్స్ట్ కాల్' అని పత్రిక వేశాడు. అక్షరాన్ని చదవడానికని కాకుండా ఒక ఆకారంలా వాడాడు, సిరా సమంగా అంటకపోతే అలాగే ఉంచాడు, రోలరుతో నేరుగా కాగితం మీదే రంగు తోశాడు. ఆ ముద్రలకి 'డ్రుక్సెల్' అని పేరు పెట్టుకున్నాడు, డచ్‌లో అచ్చు వెయ్యడాన్ని డ్రుకెన్ అంటారు. నాజీల ఆక్రమణలో స్నేహితులతో కలిసి 'నీలి పడవ' అనే అర్థం వచ్చే పేరుతో రహస్యంగా చిన్న చిన్న పుస్తకాలు వేశాడు. 1945 ఏప్రిల్ 10న నాజీలు ఆయన్ని కాల్చి చంపారు, వారం తిరక్కుండానే ఆ ఊరికి విముక్తి వచ్చింది. వాళ్లు పట్టుకుపోయిన ఆయన బొమ్మల్లో చాలావరకు ఊరి విముక్తి కోసం జరిగిన పోరాటంలోనే నాశనమయ్యాయి. అందుకే మీరు పొయ్యి అనగానే నాకు ప్రాణం ఉసూరుమంది.

పాత కంపోజిటర్, శ్రీకాకుళం:
బాబూ, నీళ్లలో మాత్రం నానబెట్టకు, చెక్క ఉబ్బి వంకర తిరిగిపోతుంది. గుడ్డకి కొంచెం కిరసనాయిలు రాసి తుడువు, సందుల్లోకి పాత టూత్‌బ్రష్షు పెట్టు, నీడలోనే ఆరబెట్టు. ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. ట్రెడిల్ అక్కర్లేదు. అక్షరాన్ని బల్ల మీద పెట్టి, రోలరుతో పల్చగా సిరా పట్టించి, పైన కాగితం వేసి గరిటె వెనక వైపుతో మెల్లగా రుద్దు. అరిగిన అక్షరం సరిగ్గా పడకపోతే అడుగున రెండు పొరల కాగితం అతికించు, ఎత్తు సరిపోతుంది. ముందు ప్రతి అక్షరానికీ ఒక ప్రూఫు తీసి పెట్టుకో, ఏవి ఉన్నాయో ఏవి లేవో తెలుస్తుంది. లేని వొత్తులు లినోలియం (నేల మీద పరిచే మెత్తటి షీటు) ముక్కలో కోసుకో, తిరగేసి కొయ్యాలి సుమా, కొత్తలో అందరం మర్చిపోయేవాళ్లమే.

చీపురుపల్లి డిజైనర్:
మీ ఫ్రెండు చెప్పింది తప్పు కాదు, కానీ సగమే. క్రౌవెల్ 1967లో 'న్యూ ఆల్ఫబెట్' చేసింది అప్పటి ఎలక్ట్రానిక్ తెరల మీద వంపులు సరిగ్గా రావడం లేదని. అందుకే అందులో దాదాపు అన్నీ నిలువు, అడ్డం గీతలే. మన లిపి నిండా వంపులే, తలకట్టు దగ్గర్నుంచీ. ఆ పద్ధతిని తెచ్చి 'ఱ' మీద పెడితే ఏం మిగులుతుంది? గ్రిడ్ మాత్రం పేజీ అమర్చడానికి తప్పకుండా నేర్చుకోండి. 1972లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రౌవెల్‌కీ, ఇంకో డచ్ డిజైనరు యాన్ వాన్ టోర్న్‌కీ పనిలో డిజైనరు ఎంత కనపడాలన్న దాని మీద పెద్ద వాదన జరిగింది. డిజైనరు తనని పక్కన పెట్టి విషయాన్ని స్పష్టంగా అందించాలని క్రౌవెల్, డిజైనరు ముద్ర పడకుండా ఏ పనీ ఉండదని వాన్ టోర్న్. నేను వాన్ టోర్న్ వైపు. డచ్ కరెన్సీ నోట్లు డిజైన్ చేసిన ఊట్యే ఆక్సెనార్ 1000 గిల్డర్ల నోటు మీద తత్వవేత్త స్పినోజా బొమ్మ జుట్టులో తన వేలిముద్ర పెట్టేశాడు, నోటుకి అందం ఏమీ తగ్గలేదు.

గంటస్తంభం వీధి:
రాత్రి మొదటి ప్రూఫు తీశాను. 'శ్రీ' పడింది, ఆ అరిగిన మూల దగ్గర తెల్లగా నెలవంకలా వచ్చింది. అమ్మకి చూపిస్తే కాసేపు పట్టుకుని చూసి, మీ నాన్న ఆ మూలనే బొటనవేలు ఆనించి పట్టుకునేవారు అంది. ఇప్పుడు సంచి ఆవిడ మంచం కిందే ఉంది. మాస్టారూ, లినోలియం శ్రీకాకుళంలో ఏ కొట్లో దొరుకుతుందో చెప్పండి, ఆదివారం బస్సెక్కి వస్తాను.