విండోస్ మానేస్తే ఫొటోషాప్ ప్లగిన్‌ల సంగతేంటి? లినక్స్‌లో నడిపినవాళ్లు చెప్పండి

స్టూడియోబాబు
అందరికీ నమస్కారం. మాది తెనాలి వైపు, పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ పని. మా సిస్టమ్‌లు నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఏమో ఈ ప్రాసెసర్‌ని చూసి గుమ్మంలోనే ఆపేస్తోంది. నిక్షేపంలా పనిచేసే సిస్టమ్‌లను తీసేసి కొత్తవి కొనాలంటే మనసొప్పడం లేదు. మా మేనల్లుడు ఒకదాంట్లో లినక్స్ మింట్ 22 వేసిచ్చాడు. ఫొటోషాప్ బదులు వాడే ఉచిత ప్రోగ్రామ్ గింప్ మెల్లగా చేతికి అలవాటవుతోంది. ఇబ్బందల్లా ప్లగిన్‌లతోనే (ఫొటోషాప్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు). ముఖాలు నున్నగా చేసే స్కిన్ ప్లగిన్ ఒకటి, నిక్ కలెక్షన్ అనే ఫొటో ఫిల్టర్‌ల సెట్ (గూగుల్ ఫ్రీగా ఇచ్చినప్పటిది), ఎప్పట్నుంచో దాచుకున్న .8బీఎఫ్ ఫిల్టర్‌లు ఒక ఫోల్డర్ నిండా ఉన్నాయి. ఇవి లినక్స్‌లో నడుస్తాయా? నెట్‌లో వెతుక్కోమని మాత్రం అనకండి, వెతికాను, బుర్ర వేడెక్కింది.

పెంగ్విన్_మామ
అన్నిటికీ కలిపి ఒకే జవాబు రాదు బాబూ. మీ దగ్గర ఏ రకం ప్లగిన్ ఉందో ముందు తేల్చుకోవాలి.

.8బీఎఫ్ అంటే నిజానికి పేరు మార్చిన డీఎల్‌ఎల్ ఫైలే (విండోస్ ప్రోగ్రామ్‌లు లోడ్ చేసుకునే కోడ్ ఫైల్). ఫొటోషాప్ దాన్ని తన లోపలికి లోడ్ చేసుకుని పిక్సెల్స్ చేతికిస్తుంది, అది వాటిని మార్చి తిరిగిస్తుంది. లినక్స్‌లోని గింప్‌కి ఈ విండోస్ కోడ్ అర్థం కాదు. అందుకని కింద వైన్ (విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపేది) ఉండాలి, వైన్‌కీ గింప్‌కీ మధ్య పీఎస్‌పీఐ అనే ప్లగిన్ ఉండాలి. దీన్ని రాసింది టోర్ లిల్‌క్విస్ట్. గింప్‌ని విండోస్‌కి తెచ్చిన ఘనత కూడా ఆయనదే. గింప్ ప్లగిన్‌ల ఫోల్డర్‌లో పీఎస్‌పీఐ ఫైళ్లు రెండూ వేసి, ఫిల్టర్స్ మెనూలో దాని సెట్టింగ్స్ తెరిచి మీ .8బీఎఫ్ ఫోల్డర్ చూపిస్తే, పనికొచ్చేవి మెనూలో కనిపిస్తాయి.

రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, పాత పీఎస్‌పీఐ 32 బిట్‌ది. 32 బిట్ ప్రోగ్రామ్ 64 బిట్ డీఎల్‌ఎల్‌ని లోడ్ చేయలేదు, అది వైన్ తప్పు కాదు, విండోస్‌లోనూ అంతే. మీ ప్లగిన్ ఏదో తెలియకపోతే టెర్మినల్‌లో "ఫైల్" కమాండ్ ఇచ్చి పక్కన ఆ .8బీఎఫ్ పేరు ఇవ్వండి. పీఈ32 అని వస్తే 32 బిట్, పీఈ32+ అని వస్తే 64 బిట్. రెండోది, పీఎస్‌పీఐ ద్వారా రంగుల లోతు 8 బిట్ ఉన్న బొమ్మలే వెళ్తాయి. 16 బిట్‌లో పనిచేస్తుంటే దాని జోలికి పోకండి.

బాగా పాత ఫిల్టర్‌లకైతే పక్కన ఎంఎస్‌వీసీఆర్‌టీ10 డీఎల్‌ఎల్, ప్లగిన్ డీఎల్‌ఎల్ కూడా ఉండాలి. అవి లేకపోతే ఎర్రర్ కూడా చూపించకుండా ఊరుకుంటాయి.

మాయాబజార్_కెమెరా
ఇంకో దారి ఉంది మామా. ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటోలు చూసే విండోస్ ప్రోగ్రామ్ వైన్‌లో హాయిగా నడుస్తుంది, దానికి .8బీఎఫ్ సపోర్ట్ కూడా ఉంది. 32 బిట్ ఇర్ఫాన్‌వ్యూ, దాని ప్లగిన్‌ల ప్యాక్ వేసుకుంటే గింప్‌తో సంబంధం లేకుండానే పాత ఫిల్టర్‌లు పరీక్షించుకోవచ్చు. అక్కడే తెరుచుకోని ఫిల్టర్‌ని గింప్‌లో తెరిపించాలని కుస్తీ పట్టడం దండగ.

నిక్_పిచ్చోడు
నిక్ గురించి నేను చెప్తా, ఇది నా సబ్జెక్ట్.

గూగుల్ 2012లో నిక్‌ని కొంది, 2016 మార్చిలో కలెక్షన్ మొత్తం ఉచితం చేసింది, 2017 అక్టోబర్‌లో డీఎక్స్‌ఓ అనే కంపెనీకి అమ్మేసింది. ఇప్పుడు డీఎక్స్‌ఓ అమ్మేది వేరే, అది డబ్బుది. స్టూడియోబాబు గారి దగ్గరున్న పాత ఉచిత వెర్షన్‌లో మనకు కలిసొచ్చే సంగతేంటంటే, కలర్ ఎఫెక్స్, సిల్వర్ ఎఫెక్స్, వివెజా, డిఫైన్ అన్నీ దేనికది విడి ఈఎక్స్‌ఈ (సొంతంగా నడిచే విండోస్ ప్రోగ్రామ్). ఫొటోషాప్‌లో నొక్కినా వెనక తెరుచుకునేది ఆ కిటికీయే. అంటే .8బీఎఫ్ గొడవే లేకుండా ఈఎక్స్‌ఈకి నేరుగా ఫొటో ఇచ్చేయొచ్చు. సేవ్ నొక్కితే అదే ఫైల్ మీద రాసేస్తుంది, కాబట్టి ఎప్పుడూ కాపీ మీదే చేయండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫొటోషాప్ ఎక్కడుందని అడుగుతుంది. ఏదో ఒక ఖాళీ ఫోల్డర్ చూపిస్తే సరిపోతుంది. నిక్‌కి విడిగా ఒక వైన్ ప్రిఫిక్స్ (వైన్ ప్రోగ్రామ్‌లు ఉండే ఫోల్డర్) పెట్టండి, మిగతా ప్రోగ్రామ్‌లతో కలపొద్దు. ఒకటి పాడైతే ఆ ఫోల్డర్ ఒక్కటే తీసేసి మళ్లీ వేసుకోవచ్చు. కిటికీ నల్లగా వస్తే, లేదా స్లైడర్ కదిపినప్పుడు ప్రివ్యూ గీతలుగా వస్తే, నిక్ సెట్టింగ్స్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం ఆపేయండి. కొంచెం నెమ్మదిస్తుంది గానీ పని జరుగుతుంది.

గింప్‌లోంచి పంపడానికి షెల్‌అవుట్ అనే పైథాన్ స్క్రిప్ట్ ఒకటి ఉండేది. లేయర్‌ని టెంపరరీ ఫైల్‌గా సేవ్ చేసి, నిక్‌ని పిలిచి, మూసేశాక తిరిగి లేయర్‌గా తెచ్చేది. అది పైథాన్ 2 మీద రాసింది. మింట్ 22లో వచ్చే గింప్‌కి పైథాన్ 2 లేదు కాబట్టి మెనూలోనే కనిపించదు. నా సలహా, గింప్‌ని వదిలేసి ఫైల్ మేనేజర్‌లోంచే పని కానివ్వండి. రెండు లైన్ల షెల్ స్క్రిప్ట్ చాలు: వైన్‌పాత్ కమాండ్‌తో ఫైల్ అడ్రస్‌ని విండోస్ తరహాకి మార్చడం, దాన్ని ఈఎక్స్‌ఈ పక్కన పెట్టి వైన్‌తో నడపడం. మింట్ ఫైల్ మేనేజర్ నీమోలో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ విత్"లో ఆ స్క్రిప్ట్ చూపించండి. డార్క్‌టేబుల్ అనే ఫొటో ఎడిటర్ వాడేవాళ్లకైతే బయటి ఎడిటర్‌కి పంపే లువా స్క్రిప్ట్ రెడీమేడ్‌గా ఉంది.

పంపే ఫైల్ టిఫ్ అయితే మంచిది. ఒకే లేయర్, కంప్రెషన్ లేకుండా, ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌లో. మీ మానిటర్ ప్రొఫైల్‌ని వైన్ పట్టించుకుంటుందని నమ్మకండి. రంగుల విషయంలో చివరి మాట గింప్‌లో చూసే చెప్పండి.

మ్యాక్_శ్రీను
మ్యాక్‌లో ఏం తేడా లేదు అన్నా. మ్యాక్ ఫొటోషాప్‌కి .8బీఎఫ్ ఎక్కదు, దాని ప్లగిన్ ఫైళ్లు వేరు. ఎం సిరీస్ మ్యాక్‌లో పారలల్స్ (మ్యాక్‌లో విండోస్ నడిపేది) వేసుకున్నా వచ్చేది ఆర్మ్ చిప్‌ల విండోస్. అందులో ఆర్మ్‌కి రాసిన ఫొటోషాప్ నడిపితే మామూలు పీసీ చిప్‌లకి రాసిన ఎక్స్64 ప్లగిన్ లోడ్ కాదు. పైన మామ చెప్పిన 32, 64 కథే, వేషం మారింది. నేను క్రాస్‌ఓవర్ వాడుతున్నా. అదీ వైనే, డబ్బు కడితే ఎవరైనా ఫోన్‌లో కాకపోయినా మెయిల్‌లో సమాధానం చెప్తారు.

అనుభవజ్ఞుడు_కరీంనగర్
నాకో సందేహం. స్టూడియో అంటే రేపు పొద్దున్నకి ఆల్బమ్ ల్యాబ్‌కి వెళ్లాలి. ఇంత తంటా దేనికి? వర్చువల్‌బాక్స్ (సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్‌లా వర్చువల్ మెషీన్ నడిపేది) పెట్టి అందులో విండోస్ 10, ఫొటోషాప్, ప్లగిన్‌లు అన్నీ యథాతథంగా ఉంచండి. నెట్ కనెక్షన్ తీసేయండి. షేర్డ్ ఫోల్డర్ ఒకటి చాలు. నేనైతే అదే చేశాను, టెన్షన్ లేదు.

నిక్_పిచ్చోడు
8 జీబీలో సగం దానికిస్తే 12×36 అంగుళాల ఆల్బమ్ షీట్ తెరిచాక మౌస్ కదలదు అన్నా. ప్లగిన్ కోసం తప్పదంటే సరే. అన్ని పనులూ అందులోనే అంటే ఆ సిస్టమ్ మీద కష్టం.

అనుభవజ్ఞుడు_కరీంనగర్
ర్యామ్ విషయం నిజమే, నాది 16. డీడీఆర్3 ర్యామ్ పాతది దొరికితే వేసుకోండి బాబు గారూ, ప్లగిన్‌ల మీద పడే కష్టం కంటే చవక.

స్టూడియోబాబు
అందరికీ థాంక్స్. నిక్ వచ్చేసింది! రైట్ క్లిక్ పద్ధతి బ్రహ్మాండంగా ఉంది, మా కుర్రాడు గింప్ తెరవకుండానే సిల్వర్ ఎఫెక్స్ చేసేస్తున్నాడు. పాత .8బీఎఫ్‌లలో ఫ్రేమ్‌లు, గ్లో లాంటివి వచ్చాయి, కొన్నిటికి డైలాగ్ తెరుచుకుంటుంది గానీ ఓకే నొక్కితే ఏమీ జరగదు. స్కిన్ ప్లగిన్ మాత్రం లైసెన్స్ యాక్టివేషన్ దగ్గరే ఆగిపోతోంది. మా పక్క స్టూడియో ఆయన క్రాక్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తానన్నాడు. లినక్స్‌కి వైరస్ రాదు కదా, వేసేయమంటున్నాడు.

పెంగ్విన్_మామ
వద్దు. ఈ మాట గట్టిగా చెప్తున్నా. వైన్ అంటే గోడ కట్టిన గది కాదు. అందులో నడిచే ఈఎక్స్‌ఈకి జెడ్ డ్రైవ్ పేరుతో మీ డిస్క్ మొత్తం కనిపిస్తుంది. మీకు ఏ ఫైళ్లు తెరిచే హక్కుందో దానికీ అంతే హక్కు ఉంటుంది. క్రాక్‌లో రాన్సమ్‌వేర్ ఉంటే సిస్టమ్‌కి ఏం కాకపోవచ్చు, మీ హోమ్ ఫోల్డర్‌లోని పెళ్లి ఫొటోలకి మాత్రం తాళం పడుతుంది. కస్టమర్‌కి ఏం చెప్తారు? కొత్త ప్లగిన్ ఏది పరీక్షించినా వైన్ సెట్టింగ్స్ మార్చే వైన్‌ట్రిక్స్‌లో శాండ్‌బాక్స్ (ప్రోగ్రామ్‌ని విడిగా కట్టడి చేసే) ఆప్షన్ ఇచ్చి, జెడ్ డ్రైవ్, హోమ్ లింకులు తీసేశాకే నడపండి. దానితోనూ పూర్తి రక్షణ రాదు, కొంత నయం అంతే.

యాక్టివేషన్ విషయంలో వైన్‌తో పోరాడకండి. లైసెన్స్ కోడ్ విండోస్ లోతుల్లోకి వెళ్లి హార్డ్‌వేర్ గుర్తులు అడుగుతుంది, ఆ జవాబులు వైన్‌లో వేరుగా వస్తాయి. ఆ ఒక్క ప్లగిన్‌కీ కరీంనగర్ అన్న చెప్పిన వర్చువల్ మెషీనే దారి.

లేయర్స్_లలిత
స్కిన్ కోసం అసలు ప్లగిన్ అవసరమా అండీ? గింప్ 2.10లోనే ఫిల్టర్స్, ఎన్‌హాన్స్ కింద వేవ్‌లెట్ డీకంపోజ్ ఉంది. ఫొటోని ఐదు స్కేల్స్ (సన్నటి వివరాల నుంచి పెద్దవాటి దాకా పొరలు), ఒక రెసిడ్యువల్ (మిగిలినదంతా ఉండే) లేయర్‌గా విడగొడుతుంది. మొదటి స్కేల్స్‌లో చర్మం మీది రంధ్రాలు, వెంట్రుకలు ఉంటాయి, వాటిని ముట్టుకోకండి. మూడు, నాలుగు స్కేల్స్‌లో మచ్చలు, ఎరుపు, ముక్కు పక్కన వెలుగు నీడల గడ్డలు ఉంటాయి. లాసోతో బుగ్గ చుట్టూ గీసి, అంచు ఫెదర్ చేసి, ఆ లేయర్‌లో మాత్రం గాసియన్ బ్లర్ ఇవ్వండి. మచ్చ పోతుంది, చర్మం చర్మంలాగే ఉంటుంది. ప్లగిన్ మోతాదు పెంచితే పెళ్లికూతురు మైనపు బొమ్మలా తేలుతుంది, దానికన్నా ఇదే నయం.

త్వరగా కావాలంటే జీమిక్ వేసుకోండి. ఫ్రాన్స్‌లో కాన్ ఊరి గ్రేక్ ల్యాబ్ వాళ్లు 2008 నుంచి చేస్తున్నది, 500 పైగా ఫిల్టర్‌లు, పూర్తిగా ఉచితం. రిపేర్ విభాగంలో స్కిన్ స్మూత్ చేసేది ఉంది. కమాండ్ లైన్‌లోనూ నడుస్తుంది కాబట్టి ఫోల్డర్ మొత్తానికి ఒకేసారి చేయించొచ్చు.

స్టూడియోబాబు
లలిత గారూ, వేవ్‌లెట్ చూశాను, క్లోజప్‌లకి అద్భుతం. ఆరేడు వందల గ్రూప్ ఫొటోలకి లాసో గీస్తూ కూర్చుంటే మాత్రం పిల్ల బారసాల నాటికి ఆల్బమ్ అందుతుంది. వాటికి జీమిక్ ప్రయత్నిస్తా, క్లోజప్‌లకి మీ పద్ధతి.

ఇంకొకటి. పేర్లు, ముహూర్తం అక్షరాలు అను ఫాంట్స్‌లో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్‌లు) టైప్ చేసేవాళ్లం. దానికేం చేస్తున్నారు?

లేయర్స్_లలిత
అను వదిలేసి యూనికోడ్‌కి వచ్చేయండి. ఫొటోషాప్ 7లో యూనికోడ్ తెలుగు వేస్తే ఒత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురుగా వచ్చేవి. గింప్‌లో ఆ ఇబ్బంది లేదు. మండలి, రామభద్ర, సురన్న, గిడుగు ఫాంట్‌లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. శుభలేఖ తరహా వంపులు తిరిగిన అక్షరాలు కావాలంటే మాత్రం అనులో ఉన్నన్ని రకాలు యూనికోడ్‌లో లేవు, అది ఒప్పుకోవాలి.

స్టూడియోబాబు
సరే. స్కిన్ ప్లగిన్ వర్చువల్ మెషీన్‌లోకి పంపేశా, మిగతా పని లినక్స్‌లోనే. రెండో సిస్టమ్ కూడా మార్చేద్దామనుకుంటున్నా. అందులో గింప్ 3 వేయాలా, 2.10 ఉంచాలా? గింప్ 3 ఫ్లాట్‌పాక్‌లో (లినక్స్ యాప్‌లను విడి ప్యాకేజీలుగా ఇచ్చే పద్ధతి) కనిపిస్తోంది.

పెంగ్విన్_మామ
పాత .8బీఎఫ్‌లు కావాలంటే మింట్ రెపోలోని 2.10 ఉంచండి. 2025 మార్చిలో వచ్చిన 3.0లో ప్లగిన్‌ల ఏపీఐ (ప్లగిన్‌లు గింప్‌తో మాట్లాడే పద్ధతి) మారింది, 2.10కి కట్టిన పీఎస్‌పీఐ అందులో ఎక్కదు. పైగా ఫ్లాట్‌పాక్ గింప్ శాండ్‌బాక్స్‌లో ఉంటుంది, బయట మీరు వేసిన వైన్ దానికి కనిపించదు. ఫ్లాట్‌సీల్ అనే టూల్‌తో అనుమతులిచ్చి పిలిపించొచ్చు గానీ, అప్పుడు ఆ శాండ్‌బాక్స్‌కి అర్థం ఉండదు. రెండూ పక్కపక్కన వేసుకోవచ్చు, సెట్టింగ్స్ ఫోల్డర్‌లు వేరే కాబట్టి గొడవ పడవు. కొత్త పని 3లో చేసుకోండి, పాత ఫిల్టర్ అవసరమైనప్పుడు 2.10 తెరవండి. గింప్ సొంత ఫైల్ రకం ఎక్స్‌సీఎఫ్‌ని మాత్రం 3లో సేవ్ చేసి 2.10లో తెరవాలని చూడకండి, కొత్త ఫీచర్లు వాడిన ఫైల్‌ని అది తెరవకపోవచ్చు. అటూ ఇటూ టిఫ్‌లో పంపుకోండి.